చప్పట్లకు ముందు జరిగేది

"కట్టు నేనే విప్పాను. పాప తనంతట తానే ట్యూబు పీక్కుంది. తప్పు నాదే. ఇంకేం చెప్పమంటారు మేడమ్?"

నర్సు ఈ మాటలు చెప్పడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒక్క ముక్క తేడా లేదు. డిటెక్టివ్‌కు అక్కడే అనుమానం వచ్చింది. జరిగింది చెప్పే మనిషి ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పెడుతుంది. మధ్యలో ఏదో గుర్తొచ్చి ఆగుతుంది. బట్టీ పట్టిన పాఠమే ఇలా గడగడా వస్తుంది.

పోలీసు డిపార్టుమెంటులో పనిచేసినన్నాళ్ళూ ఈ డిటెక్టివ్‌ను అందరూ చాటుగా 'అత్తగారు' అనేవాళ్ళు. ఎవరు ఏ పని చేసినా వంక పెట్టందే వదలదని. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు పట్టడం మొదలెట్టాక ఆ పిలుపు చాటునుంచి ఎదుటికొచ్చింది. ఇప్పుడు ముఖం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది.

అది నర్సులు బట్టలు మార్చుకునే గది. ఇనప బీరువాలు, ఒక బల్ల, రెండు కుర్చీలు. గుమ్మం దగ్గర ఆడ కానిస్టేబులు గోళ్ళు గిల్లుకుంటూ నిలబడింది. సాయంత్రం పిల్లల్ని చూసే గంట అయిపోగానే నర్సును స్టేషనుకు తీసుకుపోవాలని ఇన్‌స్పెక్టరు ఆర్డరు.

సంగతి ఇది. నిన్న సాయంత్రం తల్లిదండ్రులు లోపలికి వచ్చే గంటలోనే, పిల్లల ఐసీయూలో కిటికీ పక్క మంచం మీదున్న ఏడేళ్ళ పాప గొంతులోంచి వెంటిలేటర్ ట్యూబు బయటికి వచ్చేసింది. న్యుమోనియాతో వచ్చిన పిల్ల. మూడు వారాలుగా ఊపిరి మిషనుదే. ఈమధ్యే మిషను వాటా తగ్గిస్తూ, పాప వాటా పెంచుతూ, మెల్లమెల్లగా మాన్పిస్తున్నారు. ఇక తియ్యడమే తరువాయి అనుకుంటున్న సమయంలో ఇలా అయింది. పాప నీలంగా మారిపోయింది. చిన్న డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి, నానా తంటాలు పడి ఇంకో ట్యూబు వేసింది. అప్పటినుంచీ పాప కళ్ళు తెరవలేదు. గాలి అందని ఆ కాసేపట్లో మెదడు ఎంత దెబ్బతిందో అడిగితే డాక్టర్లు గోడ కేసి చూస్తున్నారు.

డిటెక్టివ్‌ను పిలిచింది పాప తల్లి. పొద్దున్నే ఇంటికొచ్చి, కూర్చోకుండానే, "ఆ నర్సు కాదమ్మా. అదొక్కటే నాకు తెలుసు. ఆమెను జైల్లో పెట్టనివ్వకండి" అంది. ఎలా తెలుసని అడిగితే కాళ్ళ వేళ్ళకేసి చూసింది. ఆ చూపు డిటెక్టివ్‌కు నచ్చలేదు. అయినా కేసు ఒప్పుకుంది.

"కట్టు ఎందుకు విప్పావమ్మాయ్?"

"మణికట్టు కందిపోయింది మేడమ్. పిల్లలు ట్యూబు లాక్కుంటారని మెత్తటి గుడ్డతో మంచానికి కడతాం. ఎంత మెత్తగా కట్టినా కందుతుంది. కాసేపు విప్పుదామని..."

"విప్పి, పిల్లను గాలికొదిలేసి వెళ్ళిపోయావా?"

నర్సు తలెత్తింది. ఆ మాట ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. "పక్క మంచం బాబుకు ఫిట్స్ వచ్చాయి. తెర వేసి అక్కడున్నాను."

"వెళ్ళేముందు పాపను ఎవరికి అప్పజెప్పావు?"

"ఎవరికీ లేదు."

"అది చూడటానికి వచ్చేవాళ్ళ టైము. వాళ్ళ నాన్న స్టూలు మీద కూర్చుని లేడా?"

"ఆయన మంచినీళ్ళకు వెళ్ళారు." ప్రశ్న ముగియకముందే జవాబు వచ్చింది.

"మిషను కూత నీకు వినపడలేదేం? ట్యూబు ఊడితే చెవులు చిల్లులు పడేలా కూస్తుందటగా. ఎవరో ముందే మీట నొక్కి నోరు మూయించారు. రెండు నిమిషాలు కూయదట. నువ్వు నొక్కావా?"

పాఠంలో ఈ ముక్క లేదు. నర్సు తడబడింది. "గుర్తులేదు... నొక్కానేమో."

డిటెక్టివ్ కుర్చీలోంచి లేచింది. ఈ పిల్ల అబద్ధం చెబుతోంది, అదీ తనకోసం కాదు. తనకోసం అబద్ధమాడేవాళ్ళు ఇంతకంటే బాగా ఆడతారు.

*

"రండి అత్తగారూ, రండి. ఏ వంక పెడతారో పెట్టేయండి. నాకు బోలెడు పనుంది."

ఐసీయూ గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నవ్వుతూ నిలబడ్డాడు. ఒకప్పుడు ఆవిడ కిందే ఎస్సైగా పని నేర్చుకున్నవాడు. నేర్చుకున్నది మరిచిపోవడానికి అతనికి ఎక్కువకాలం పట్టలేదు. దొరికినవాణ్ణి పట్టుకుని కేసు మూసెయ్యడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. ఆ పనికే ప్రమోషన్లు కూడా వచ్చాయి.

చేతులు కడుక్కుని, పైన గౌను తొడుక్కుని ఇద్దరూ కిటికీ పక్క మంచం దగ్గరికి వెళ్ళారు. పాప వెల్లకిలా పడుకుని ఉంది. నోటి పక్కనుంచి ట్యూబు, బుగ్గల మీద తెల్ల టేపు, ముక్కులో పాలు పోసే సన్న గొట్టం. మిషను గాలి కొట్టినప్పుడల్లా రొమ్ము లేచి దిగుతోంది. చేతులు రెండూ గుడ్డలతో మంచం కమ్మీలకు కట్టి ఉన్నాయి. నిన్న విప్పినందుకు శిక్షా అన్నట్టు ఇవాళ రెండేసి ముడులు వేశారు. డిటెక్టివ్ ఆ ముడుల వంక కాసేపు చూసింది. ఆవిడకు పిల్లల్లేరు. లేనందుకు సంతోషించిన రోజులు తక్కువ, అందులో ఇదొకటి.

"పాత ట్యూబు ఏది?"

ఇన్‌స్పెక్టరు సీలు వేసిన ప్లాస్టిక్ సంచి ఆడిస్తూ చూపించాడు. "పాప పీక్కున్నది. ఇందులో ఏముంది చూడ్డానికి?"

"నీ ఎదురుగానే చూస్తాను. డాక్టరమ్మా, మీరూ ఉండండి. ఒక సిరంజి, గ్లాసుడు నీళ్ళు కావాలి."

చిన్న డాక్టరమ్మ నిన్నటినుంచీ ఇంటికి పోలేదు. ఆమె కళ్ళ కింద నలుపు చూస్తేనే తెలుస్తోంది. మారుమాట్లాడకుండా రెండూ తెచ్చింది. డిటెక్టివ్ గ్లవుజులు వేసుకుని ట్యూబు బయటికి తీసింది. దాని కొసన ఉల్లిపొరలాంటి చిన్న బుడగ చప్పబడి అంటుకుపోయి ఉంది.

"ఇదేంటమ్మా?"

"గొంతులోకి వేశాక ఆ బుడగలో గాలి నింపుతాం మేడమ్. ట్యూబు కదలకుండా, పక్కల నుంచి గాలి పోకుండా ఉంటుంది. తీసేటప్పుడు సిరంజితో ఆ గాలి లాగేసి అప్పుడు తీస్తాం. లేకపోతే గొంతు గీరుకుపోతుంది."

"పాప తనే పీక్కుంటే?"

"బుడగ ఉబ్బే ఉంటుంది. ఉబ్బినది ఉబ్బినట్టే బయటికొస్తుంది."

"ఇది చప్పగా ఉందే మరి?"

ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. "ఓస్, అంతేనా! ఏ చిల్లో పడి గాలి పోయుంటుంది. నా స్కూటర్ టైరు రోజూ చేసే పనే."

డిటెక్టివ్ సిరంజితో గాలి ఎక్కించింది. బుడగ గుండ్రంగా లేచింది. గ్లాసులో ముంచింది. ముగ్గురూ వంగి చూశారు. నీళ్ళలో ఒక్క బుడగా లేవలేదు. ఎంతసేపు ముంచినా అంతే.

"చిల్లు లేదు నాయనా. ఎవరో సిరంజితో గాలి లాగి తీశారు. దీనికి అంటుకున్న టేపు చూడు. పిల్ల పీకితే చర్మంతో సహా ఊడి రావాలి. ఇది తడి దూదితో నానబెట్టి తీసిన టేపు, అంచులు ఇంకా మెత్తగా ఉన్నాయి. పాప బుగ్గ మీద గీత కూడా లేదు. ఏడేళ్ళ పిల్ల మత్తులో పడుకుని దూది తడుపుకుని, సిరంజి పట్టుకుని ఇదంతా చేసిందంటావా?"

ఇన్‌స్పెక్టరు ముఖం మాడిపోతుందని ఆవిడ అనుకుంది. మాడలేదు సరికదా వెలిగిపోయింది.

"శభాష్ అత్తగారూ! ఇదన్నమాట సంగతి. అంటే పాప పీక్కోలేదు, పని తెలిసిన చెయ్యి తీసింది. ఆ టైముకు ఇక్కడ పని తెలిసిన చెయ్యి ఎవరిది? నర్సుది. కూత నోరు మూసి మరీ తీసింది. నేను నిర్లక్ష్యం అని చిన్న సెక్షను రాశాను. మీ దయవల్ల ఇది హత్యాప్రయత్నం అయింది. ఆ నర్సును కాపాడ్డానికే వచ్చారా మీరు?"

అతను చెప్పిన దాంట్లో పట్టుకోవడానికి పిసరంత వంక కూడా లేదు. వంకలు పెట్టడంలో పేరు మోసిన ఆవిడ, తన చేత్తోనే నర్సు చుట్టూ ఉచ్చు ఇంకాస్త బిగించి పెట్టింది.

*

పెద్ద డాక్టరు వచ్చేసరికి ఆయన ముందు దారి దానంతట అదే ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు కొత్త సంగతి చెప్పగానే తల పంకించాడు.

"నా యూనిట్లో ట్యూబు నేను తప్ప ఎవరూ తియ్యరు. రూలు. తియ్యడం కూడా తల్లిదండ్రులు ఉన్నప్పుడు, అందరి ఎదురుగానే తీస్తాను. ఒక పిల్ల మిషను వదిలి ఊపిరి తీసుకోవడం కళ్ళారా చూస్తే మిగతావాళ్ళకు కొండంత ధైర్యం. చప్పట్లు కొడతారు, ఏడుస్తారు. ఆ నర్సు నా పక్కన వందసార్లు నిలబడి చూసింది."

"ఈ పాపకు ఎప్పుడు తియ్యాలనుకున్నారు?" డిటెక్టివ్ అడిగింది.

"రేపు."

"నిన్నో మొన్నో ఎందుకు కాకూడదు?"

"అది వైద్యపరమైన నిర్ణయం. మీకు అర్థం కాదు." ఆయన గడియారం చూసుకున్నాడు. "ఇవాళ తలుపు పక్క బాబుకు తీస్తున్నాను. నిన్నటి గొడవతో యూనిట్ పరువు పోకూడదు కదా."

ఆయన వెళ్ళిపోయాడు. చిన్న డాక్టరమ్మ నేల చూపులు చూస్తోంది. డిటెక్టివ్ ఆమెను చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో మాట బయటికి పోదు.

"చెప్పమ్మా. రేపు ఎందుకు?"

"పాప మూడు రోజులుగా పాసవుతూనే ఉంది మేడమ్. రోజూ పొద్దున మత్తు ఆపి, మిషను సాయం బాగా తగ్గించి చూస్తాం. తనంతట తను హాయిగా ఊపిరి తీసుకుంది. తీసేద్దాం సార్ అన్నాను. రేపు విరాళాలిచ్చే కమిటీవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందు తీద్దాం, పాప ముద్దుగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది అన్నారు." ఆమె పళ్ళు బిగబట్టింది. "రోజూ పాసైన పిల్లకు మళ్ళీ మత్తిచ్చి మళ్ళీ మిషను పెంచాను. నా చేతులతోనే."

డిటెక్టివ్ నోట ఒక బూతుమాట వచ్చింది. పోలీసు ఉద్యోగంలో అబ్బిన విద్య అది. "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఉండబట్టలేక మా అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను. కారిడార్లో. బెంచీల మీద పిల్లల తాలూకు వాళ్ళంతా ఉన్నారు. ఎవరు విన్నారో."

"సరే. నిన్న నువ్వు పరిగెత్తుకొచ్చినప్పుడు మొదట ఏం చూశావు? ఏదీ వదలొద్దు."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఆక్సిజన్ మాస్కు పాప చెంప పక్కన పడి ఉంది. ఆక్సిజన్ వస్తూనే ఉంది. పాప నోటినిండా పాలు. పాలు బయటికి లాగి ట్యూబు వేద్దామంటే గొంతు వాచిపోయి దారి కనపడలేదు."

"పాలా?"

"పాలు వెళ్తూనే ఉన్నాయి మేడమ్. మామూలుగా అయితే ట్యూబు తీసేరోజు తెల్లవారుజామునే పాలు ఆపేస్తాం. కడుపు ఖాళీ చేస్తాం. వాపు రాకుండా ముందురోజు నుంచే ఇంజెక్షన్లు ఇస్తాం. అసలు పనంతా అదే. ట్యూబు లాగడం అరనిమిషం పని."

"ఆ పాలు పెట్టిందెవరు?"

"నర్సే. సరిగ్గా చూసే గంటకు ముందు."

"అంటే తనే కడుపునిండా పాలు పోసి, వెంటనే తనే ట్యూబు తీసిందంటావా?"

"ఛ! నిన్నగాక మొన్న చేరిన నర్సు కూడా ఆ పని చెయ్యదు."

"చంపాలనుకుంటే?"

"చంపాలనుకుంటే ఆక్సిజన్ మాస్కు ఎందుకు పెడుతుంది?"

డిటెక్టివ్ కొళాయి కట్టేసింది. దూది తడపడం తెలుసు. కూత నోరు మూయడం తెలుసు. బుడగలో గాలి లాగడం తెలుసు, మాస్కు పెట్టడం తెలుసు. పాలు ఆపాలని తెలియదు, ఇంజెక్షను సంగతి తెలియదు. ఆ చెయ్యి పాపను చంపాలనుకోలేదు. ఎంతో జాగ్రత్తగా, నొప్పి తెలియకుండా తీసింది. సగం పని క్షుణ్ణంగా తెలుసు, మిగతా సగం బొత్తిగా తెలియదు.

"పాలు ఆపడం, ఇంజెక్షన్లు, ఇవన్నీ తల్లిదండ్రులు చూస్తారా?" అడిగింది.

"లేదు మేడమ్. వాళ్ళు లోపలికి వచ్చేసరికి అవన్నీ ఎప్పుడో అయిపోయి ఉంటాయి. వాళ్ళు చూసేది..." చిన్న డాక్టరమ్మ నోరు అలాగే తెరుచుకుపోయింది.

*

నర్సు బల్ల మీద తల పెట్టుకుని ఉంది. డిటెక్టివ్ ఈసారి కూర్చోలేదు.

"పక్క మంచానికి పరిగెత్తేముందు పాప చెయ్యి వాళ్ళ నాన్న చేతిలో పెట్టావు. అవునా?"

నర్సు తల ఎత్తలేదు. భుజాలు కదిలాయి.

"ఆయన నీళ్ళకు వెళ్ళలేదు. ఆయన చేతిలోంచి పాప చెయ్యి జారిందనీ, అందుకే పీక్కుందనీ అనుకున్నావు. కనిపెట్టి ఉండమన్న పిల్ల చెయ్యి వదిలేశానని ఆ తండ్రి కుమిలిపోతాడని, అంతా నీ నెత్తినేసుకున్నావు."

"ఆయనకు చెప్పకండి మేడమ్." నర్సు ఏడుస్తూ రెండు చేతులూ జోడించింది. "మూడు వారాలు ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. తన చేతిలోంచే జారిందని బయటపడితే ఆ మనిషి బతకడు. నాకేముంది, మహా అయితే ఉద్యోగం పోతుంది."

"ఉద్యోగం కాదు పిచ్చిదానా, నీ మీద హత్యాప్రయత్నం పెడుతున్నారు" అని డిటెక్టివ్ అనలేదు. తలుపు గట్టిగా వేసి బయటికి వచ్చింది.

*

నాలుగైంది. తలుపులు తెరిచారు. తల్లిదండ్రులు గౌన్లు తొడుక్కుని, తమ తమ పిల్లల దగ్గరికి నడిచారు. కిటికీ పక్క మంచానికి ఒకవైపు తల్లి, ఇంకోవైపు తండ్రి నిలబడ్డారు. తండ్రి చేతిగడియారాలు బాగుచేసే మనిషి. సన్నటి వేళ్ళు, నెమ్మదైన చూపు. రెండోసారి చెప్పించుకోకుండా పక్కకు జరిగే రకం.

తలుపు పక్క మంచం దగ్గర పెద్ద డాక్టరు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. అందరూ అటు తిరిగారు. ఆయన గొంతు సవరించుకుని, "ఇవాళ ఈ బుజ్జిగాడు మిషనుకు సెలవు చెబుతున్నాడు" అన్నాడు. ఎవరో ముక్కు ఎగబీల్చారు.

డిటెక్టివ్ ఆయన్ని చూడలేదు. చూసేవాళ్ళను చూస్తూ గోడ పక్కన నిలబడింది.

పెద్ద డాక్టరు దూది తడిపి టేపు మీద అద్దాడు. కూత మీట నొక్కాడు. సిరంజి అందుకున్నాడు. తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. కిటికీ పక్కనున్న తండ్రి కూడా చూస్తున్నాడు. అతని కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతోంది. డాక్టరు సిరంజి లాగబోయే ముందే అతని బొటనవేలు వెనక్కి జరిగింది. డాక్టరు ట్యూబు పట్టుకోకముందే అతని వేళ్ళు ముడుచుకున్నాయి, మెత్తగా, ఒంపు తిరుగుతూ పైకి కదిలాయి. కదులుతున్నట్టు అతనికే తెలియదు.

బాబు దగ్గాడు, కేరుమన్నాడు. డాక్టరు వాడి ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టాడు. చప్పట్లు మోగాయి. పెద్ద డాక్టరు తలవంచి చప్పట్లు అందుకున్నాడు. డిటెక్టివ్‌కు ఆయన్ని అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. అసలు పనంతా తెర వెనక చేయించి, అరనిమిషం తమాషా మాత్రం రోజూ నలుగురికీ చూపించాడు. చూసినవాడు అదే పనంతా అనుకున్నాడు.

ఆవిడ మంచం దగ్గరికి నడిచి, తండ్రి పక్కన నిలబడి గొంతు తగ్గించింది.

"మీరు నిన్న నీళ్ళకు వెళ్ళలేదు."

అతను ఉలిక్కిపడ్డాడు. భార్య వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"పాప రెడీగా ఉందనీ, ఫొటోకోసం ఆపారనీ కారిడార్లో విన్నారు. నర్సు చెయ్యి విప్పి మీకు అప్పజెప్పింది. పెద్ద డాక్టరు రోజూ చేసే పనే కదా, నేనూ చూశాను కదా అనుకున్నారు. దూది, మీట, సిరంజి, అన్నీ మంచం పక్కనే. ఏ ఒక్కటీ మరిచిపోలేదు. అవునా?"

"రోజూ అడిగేది మేడమ్. మాట రాదు కదా. మత్తు తగ్గినప్పుడల్లా నా వంకే చూసి, కట్టేసిన చేత్తోనే రెండు వేళ్ళు నోటికేసి చూపించి ఇలా విదిల్చేది. తీసెయ్ నాన్నా అని. రేపమ్మా, రేపమ్మా అనేవాణ్ణి. లోపం మా పిల్లలో లేదని, ఎవడి ఫొటోకోసమో దాన్ని కట్టేసి ఉంచారని విన్నాక..." ఆగాడు. "తీశాక బాగానే ఉంది మేడమ్. ఒట్టు. నాలుగైదు ఊపిర్లు తీసింది. నాన్నా అనబోయింది. ఆ తర్వాతే పాలు వచ్చాయి. పాలు ఆపాలని ఎవరూ చెప్పలేదు. ఒక్కరోజు కూడా చూపించలేదు."

"అది నీ ఏడుపు. నాకూ జాలిగానే ఉంది." డిటెక్టివ్ గొంతులో జాలి లేదు. "కానీ నిన్నటినుంచీ అక్కడ ఒక పిల్ల, నీ చేతిలోంచి పాప చెయ్యి జారిందనుకుని, ఆ మాట నీ చెవిన పడితే నువ్వు బతకవని, నీకోసం జైలుకు పోవడానికి తయారై కూర్చుంది. నువ్వేం చేశావు? నీళ్ళకు వెళ్ళానన్నావు."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

తల్లి అప్పుడు మాట్లాడింది. ఎవరికేసీ చూడకుండా, పాప పాదాలు సవరిస్తూ. "చొక్కా తడుపుదామని తీస్తే జేబులో దూది ముద్ద దొరికిందమ్మా. టేపు జిగురు అంటుకుని ఉంది. నిన్న రాత్రే తెలిసింది నాకు. కట్టుకున్నవాణ్ణి నా నోటితో ఎలా పట్టిస్తాను? ఆ నర్సమ్మను ఎలా వదిలేస్తాను? అందుకే మీ దగ్గరికి వచ్చాను." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "మీరు కనిపెట్టకపోతే బాగుండునని కూడా అనుకున్నాను."

అడగాల్సినవన్నీ అడిగి, తెలుసుకోవాల్సినవన్నీ తెలుసుకుంటే చివరికి మిగిలేది ఇదే. ఈ పనిలో ఎన్నేళ్ళు గడిచినా డిటెక్టివ్‌కు ఇది అలవాటు కాలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చేతిలో నర్సుకోసం తెప్పించిన సంకెళ్ళు.

"ఏమైంది అత్తగారూ, టైము అయిపోయింది. ఇంకేదైనా వంక మిగిలిందా?"

ఆవిడ జవాబు చెప్పేలోపే చిన్న డాక్టరమ్మ ఒక్క ఉదుటున మంచం మీదికి వంగింది. "ఉండండి. మాట్లాడకండి. పొద్దున మత్తు ఆపాను... పాపా? బంగారూ, వినపడుతోందా?"

పాప కనురెప్పలు అదిరాయి. ఒక రెప్ప తెరుచుకుంది, తర్వాత రెండోది. కళ్ళు పైకప్పు మీదా, దీపం మీదా తిరిగి, డాక్టరమ్మ ముఖం మీద ఆగి, అక్కణ్ణుంచి జరిగాయి. ఎవరికోసమో వెతికాయి. తండ్రి దగ్గర ఆగిపోయాయి.

"గుర్తుపట్టింది. పిల్ల గుర్తుపట్టింది!" చిన్న డాక్టరమ్మ అరిచింది. తల్లి పాప కాళ్ళ మీద పడి భోరుమంది.

పాప కుడిచెయ్యి కదిలింది. గుడ్డకట్టు అడ్డుపడింది. కట్టు ఎంతవరకు రానిస్తే అంతవరకు చెయ్యి లేపి, మెడ చేతివైపు వంచి, రెండు వేళ్ళు నోటికేసి చూపించింది. విదిల్చింది. నాన్న వంకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. నిన్న అడిగితే తీశాడు, ఇవాళా తీస్తాడన్న నమ్మకం తప్ప ఏమీ లేదు. మళ్ళీ రెండు వేళ్ళు చూపించింది. మళ్ళీ విదిల్చింది.

తండ్రి చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. మంచం కమ్మీ దాకా వెళ్ళి ఆగింది. అతను ఆ చేతిని ఎవరిదో పరాయివాళ్ళదన్నట్టు చూసుకున్నాడు. ఒక్కసారిగా వెనక్కి లాక్కుని, మంచం చుట్టూ తిరిగి, ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి రెండు మణికట్లూ చాచాడు.

"నేనే సార్ తీసింది. ముందు నా చేతులు కట్టెయ్యండి. మళ్ళీ అడుగుతోంది."